ప్రవల్లిక మీద కురిసే వాన

ఢిల్లీ సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో మే నెల పొద్దులన్నీ బకెట్లతోనే మొదలవుతాయి. కుళాయిలో నీళ్లు వచ్చేది కాసేపే. ఆ కాసేపట్లోనే డ్రమ్ములూ టబ్బులూ, చివరికి కుక్కరు గిన్నెలతో సహా అన్నీ నింపి పెట్టుకోవాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ పూట లుంగీ ఎగ్గట్టుకుని పైపు పట్టుకోవాల్సిందే. హైమవతి గారింట్లో మాత్రం ఆ హడావుడి కాస్త తక్కువ. వాళ్లకి ప్రవల్లిక ఉంది.

ప్రవల్లిక సిగ్గుపడితే వాన పడుతుంది. పెళ్లిచూపుల్లో పడే సిగ్గు కాదండోయ్, తలవంపుల సిగ్గు. నెత్తికి మూరెడు ఎత్తున చిన్న మబ్బొకటి చేరుతుంది, అది ఆమె ఒక్కదాని మీదే కురుస్తుంది. మేనత్త పోలిక. తండ్రి సుధీంద్ర గారి అక్కకీ అంతే, కాకినాడలో ఆవిడ పెరట్లో కనకాంబరాలు నడి ఎండల్లోనూ పూసేవి. చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చెప్పినప్పుడల్లా స్కూల్లో మేడమ్ ప్రవల్లికని కుండీల పక్కన నిలబెట్టేది. ఆ స్కూల్లో మొక్కలు భలే పెరిగాయి. సుధీంద్ర గారు సరోజినీ మార్కెట్లో బేరమాడి పసుపుపచ్చ గొడుగొకటి కొనిచ్చారు. అప్పట్నుంచి పిల్ల ఎక్కడికెళ్లినా గొడుగూ వెళ్లేది. అంతే, అంతకు మించి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఏడాది మాత్రం వాన ఎక్కువైంది. గ్రేటర్ నోయిడా కాలేజీలో ఎంబీయే ఆఖరికొచ్చింది. ప్రవల్లికకి కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగం కావాలి. వెళ్లిన ప్రతి కంపెనీ వద్దంది. వద్దన్న ప్రతిసారీ గదిలో చినుకులు. కింది పోర్షన్ ఉమారాణి ఆంటీకి సీలింగ్ చెమ్మగిల్లేది. ఇంకేముంది, అమ్మానాన్నలకన్నా ముందు ఆవిడకే తెలిసిపోయేది.

"ఏం హైమా, ఈ కంపెనీ కూడా పోయినట్టుందే?" అని మెట్ల మీదనించే అడిగేది ఆవిడ, ఏదో పాలవాడు రాలేదన్నంత మామూలుగా.

ఇంతకీ ఆ ఉద్యోగమేమిటని హైమవతి ఓ రోజు కూతుర్ని అడిగింది. వేరే కంపెనీకి ఏదైనా కష్టమొస్తే విని, ఇలా చేయండి, అలా చేయండి అని చెప్పడమే అంది ప్రవల్లిక.

"మా పెదమావయ్య చేసిన పనే కదుటే! ఊళ్లో అందరికీ చెప్పేవాడు. ఆయనకెవరూ జీతమివ్వలేదు పాపం."

"అమ్మా, ప్లీజ్!"

ఆ ఇంటర్వ్యూల తీరే వేరు. మొదట ఒక కేసు ఇస్తారు. ఢిల్లీలో రోజుకెన్ని సమోసాలు అమ్ముడవుతాయి, కూలర్లు చేసే కంపెనీకి ఎందుకు నష్టమొస్తోంది, ఇలాంటివి. అభ్యర్థి పైకి మాట్లాడుతూనే లెక్కలు కట్టి ఆలోచించాలి. అదయ్యాక సొంత కథ అడుగుతారు. మీవల్ల జరిగిన పెద్ద తప్పేమిటి, దాన్నించి ఏం నేర్చుకున్నారు, రెండు నిమిషాల్లో చెప్పండి అంటారు. ఇదంతా ఒక్కరే కూర్చుని సాధన చేస్తే కుదరదు. అందుకని ఈ పిల్లలు జోడీలు కడతారు. ఒకరు కేసు ఇస్తారు, ఒకరు విప్పుతారు. ఒకరి కథ ఇంకొకరు విని విని, దిద్ది దిద్ది, చివరికి ఎవరిది ఎవరి కథో కూడా గుర్తులేనంతగా నూరిపోస్తారు.

ప్రవల్లిక జోడీ రఘువీర్. ఖమ్మం జిల్లాలో ఓ చిన్న ఊరినించి వచ్చిన హాస్టల్ కుర్రాడు. కాలేజీ క్యాంటీన్లో మూలబల్ల వాళ్లది.

కేసుల్లో ప్రవల్లికది పైచెయ్యి. కథల దగ్గరికొచ్చేసరికి తారుమారయ్యేది. ఆమె కథేమిటంటే, కాలేజీ ఉత్సవానికి స్టేజి కట్టేవాళ్లు ఆలస్యంగా వచ్చారు, ఆమె సమయానికి సర్దేసింది. అంతే.

"ఇండ్ల నువ్వు జేసిన తప్పేడుంది?" అన్నాడు రఘువీర్.

"యార్, అదే కదా టెక్నిక్! తప్పు చేసినట్టే చెప్పి, గెలిచినట్టు ముగించాలి."

ఆ మాట అంటూండగానే రెండు చినుకులు పడ్డాయి. ఆమె దుపట్టాతో తుడుచుకుంది. రఘువీర్ చూసీ చూడనట్టు చాయ్ తాగాడు. మంచివాడు.

తర్వాత తన కథ చెప్పాడు. మాటలు వెతుక్కుంటూ, బల్ల మీద వేలితో గీతలు గీస్తూ చెప్పాడు.

"ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా ఊర్ల కండ్ల ఆపరేషన్ల క్యాంపు పెట్టిచ్చిన. ఆపరేషన్ అయినంక నెల దినాలు కంట్ల చుక్కలెయ్యాలె. ఇంట్ల ఏసెటోళ్లు లేకుంటే మేమే మనిషిని పంపాలె. ఊరంత తిరిగి ఇంటింటికి పోయి అడిగిన. మా పక్కింట్ల ఒక అవ్వ ఉంటది, ఆమె పేరు..."

"పేరొద్దు," అంది ప్రవల్లిక, ఫోన్లో టైమరు చూస్తూ. "పేర్లు పెడితే వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. 'ఒక వృద్ధురాలు' అను, చాలు."

"సరే. ఒక వృద్ధురాలు. పక్కింటామెనే గద, కొడుకు కోడలు ఉన్నరు గద అని ఆమెను ఒక్కదాన్నే అడగలే. ఊరందర్ని అడిగిన. ఆమెను అడగలే. వాళ్లు పనికోసం వేరే ఊరు పోయిన్రంట. గోడ అవతల్నే, నాకు తెల్వదు. చుక్కలేసెటోళ్లు లేక చీము పట్టి, ఆ కన్ను పోయింది."

ప్రవల్లికకి నిజంగానే బాధేసింది. కానీ ఎంత బాధగా ఉన్నా టైమరు నడుస్తూనే ఉంటుంది కదా.

"మంచి కథ," అంది. "చివర్లో మాత్రం, 'కళ్లెదుట ఉన్నదాన్ని కూడా సరిచూసుకోవాలని నేర్చుకున్నాను' అని ముగించు."

"నేనేం నేర్చుకోలే. ఆమె కన్ను పోయింది, గంతే."

"నేర్చుకున్నట్టు చెప్పు బాబూ!"

"అటెన్క రోజు పొద్దుగూకాల ఆమె బియ్యంల రాళ్లు..."

"అది కట్. టైం లేదు."

అలా పేరు పోయింది, బియ్యం పోయాయి, రెండు నిమిషాలకి సరిగ్గా సరిపోయింది కథ. వారాల తరబడి అది చెప్పీ వినీ, చివరికి రఘువీర్ తడబడితే తర్వాతి ముక్క ప్రవల్లికే అందించేది.

గురుగ్రామ్‌లో ఒక పెద్ద కంపెనీనించి ఇద్దరికీ ఒకేరోజు పిలుపొచ్చింది. ఆమెకి పొద్దున, అతనికి మధ్యాహ్నం. హాస్టళ్లు ఖాళీ చేసే సమయం దగ్గర పడింది, ఇది తప్పితే ఈ ఏడాదికి ఇంకో కన్సల్టింగ్ కంపెనీ లేదు. రఘువీర్ వేరే గది కుర్రాడి టై అడిగి తెచ్చుకున్నాడు.

ఇంటర్వ్యూ చేసినామె పేరు ఇషిత. ముప్పై ఏళ్ల మనిషి, కళ్లలో చురుకు. మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి, మనం తెలుగులో చెప్పుకుందాం. కేసుని ప్రవల్లిక గడగడా విప్పేసింది. ఇషిత తల ఊపుతూ రాసుకుంది. తర్వాత కథ అడిగింది. ప్రవల్లిక స్టేజి సంగతి ఎత్తుకుంది. ఇషిత సగంలోనే చెయ్యెత్తి ఆపింది.

"ఇది రెడీమేడ్ కథ. ఇలాంటివి రోజూ వింటాను. నిజంగా మీవల్ల ఒక మనిషికి నష్టం జరిగిందేమైనా ఉంటే చెప్పండి. లేకపోతే లేదనండి, పర్లేదు."

పర్లేదని ఆమె చెప్తూనే ఉంది. లేదండీ అంటే సరిపోయేది. ఆ పిల్లకి ఆ ఒక్క ముక్క ఎందుకు రాలేదో ఏం చెప్పమంటారు! పోయిన కంపెనీలన్నీ గుర్తొచ్చాయి. కింద ఉమారాణి ఆంటీ సీలింగ్ గుర్తొచ్చింది. నోట్లో నానిన కథ అదొక్కటే ఉంది. అదే బయటికొచ్చింది.

"మా ఊళ్లో నేను ఒక కంటి క్యాంపు పెట్టించాను. ఒక వృద్ధురాలు..."

'నేను' అన్న చోటే మొదటి చినుకు బల్లమీద పడింది. గోడ అవతల సంగతి దాకా వచ్చేసరికి కాగితాలు తడిశాయి. కన్ను పోయిందనేసరికి ఏకధారగా కురుస్తోంది. జుట్టంతా మొహానికి అతుక్కుపోయి, కోటు చేతుల్లోంచి నీళ్లు కారుతుంటే, ప్రవల్లిక ఆ కథని ఒక్క తప్పూ లేకుండా చెప్పేసింది. ఆఖరున నేర్చుకున్న ముక్క కూడా వదల్లేదు.

ఇషిత ల్యాప్‌టాప్ తీసి కుర్చీ మీద పెట్టి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆమె తడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఎంతోమందిని చూశాను. ఏడుపు నటించేవాళ్లనీ చూశాను. ఇలా కురిసినవాళ్లని చూడలేదు," అంది. "ఆ అవ్వ కోసం ఇంకా ఇంత సిగ్గుపడుతున్నారు చూడండి, అది చాలు నాకు. శుక్రవారం ఆఖరి రౌండు."

థాంక్యూ అంది ప్రవల్లిక. ఆ థాంక్యూకి ఇంకో దఫా కురిసింది.

కింద లాబీలో రఘువీర్ కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే లేచాడు.

"ఎట్లైంది?"

"బాగానే."

"తడిసినవ్ గద?"

"కేసులో... చిన్న తప్పు."

"అరె, ఏం గాదులే." అతని టై ముడి పక్కకి జారి ఉంది. ప్రవల్లిక దాన్ని సరిచేసింది. ఆ కథ చెప్పకు, ఇంకేదైనా చెప్పు అని చెప్పాలనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చెప్తే ఎందుకంటాడు. ఎందుకంటే ఏం చెప్తుంది? ఆల్ ది బెస్ట్ అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. కథ ఎత్తుకోవడం ఒక తప్పు, అది నోరు జారి జరిగిందనుకున్నా, ఈ రెండోది మాత్రం టై సర్దుతూ, మొహంలోకి చూస్తూ చేసింది.

సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

"ఆ కథ పొద్దున ఇంకొకరు చెప్పిన్రంట," అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆమె మీద వాన గూడ పడ్డదంట. నువ్వేమో పొడిగ కూసొని చెప్తున్నవ్, ఎవరో ముసలామె బాధను కొట్టుకొచ్చి అమ్ముకుంటానికి సిగ్గు లేదా అన్నది. వాన అన్నప్పుడే నాకు ఎర్కైంది."

ప్రవల్లిక ఫోను చెవికి ఆనించుకుని మంచం మీద కూర్చుంది. పరుపు తడుస్తోంది.

"అది నీ కథేనని చెప్పాల్సింది రఘూ..."

"చెప్తే నిన్ను పిలిచి అడుగుతరు గద," అన్నాడు. "గంత మంచోణ్ని గూడ కాదులే. నాకు నోరు రాలే. సిగ్గులేదా అని ఎవరన్న అంటే నాకు నోరు రాదు, అవ్వ యాదికొస్తది. శుక్రవారం రైలుకు పోతున్న. ఉంట."

అంతే, పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. ఏడిచినా బాగుండేది. అప్పట్నుంచి ఆ వాన ఆగలేదు.

తెల్లారేసరికి ఉమారాణి ఆంటీ పైకొచ్చింది. సీలింగ్ గురించి దెబ్బలాడ్డానికే వచ్చింది పాపం, గదిలో మడమల లోతు నీళ్లు చూసి మాట మార్చేసింది. ట్యాంకరు రాక రెండ్రోజులైంది, కూలర్లో చుక్క లేదు.

"ఓ బకెట్టు పట్టుకోనా తల్లీ?"

మధ్యాహ్నానికి సంగతి బ్లాకంతా పాకింది. కింద వేపచెట్టు నీడలో స్టూలు వేసి ప్రవల్లికని కూర్చోబెట్టారు. పంజాబీ వాళ్లు, మలయాళీ వాళ్లు, బెంగాలీ వాళ్లు, అందరూ వరస కట్టారు. ఒకరి తర్వాత ఒకరు ఆమె పక్కన బకెట్టు పెట్టడం, నిండగానే తీసుకెళ్లడం. ఎందుకు కురుస్తోందని ఒక్కరడిగితే ఒట్టు. నీళ్లు నీళ్లే కదా.

"కాస్త ఇటు తిరుగు బేటా, ఇంకో పావుగంట సిగ్గుపడు, కూలర్ నిండిపోతుంది," అని ఒకావిడ.

"నీ ఉద్యోగం చల్లగుండాలమ్మా!" అని ఉమారాణి ఆంటీ. దీవించిన కొద్దీ వాన పెరిగేది. వాన పెరిగిన కొద్దీ దీవించేవాళ్లు. ఆ చక్రంలో చిక్కుకుని ఆ పిల్ల తల ఎత్తలేకపోయింది. ఎవరి మొహంలోకి చూసినా మంచితనమే కనబడేది. ఆ మంచితనం భరించడమే కష్టంగా ఉంది.

హైమవతి వేడివేడి అల్లం చాయ్ తెచ్చి, కప్పు మీద చెయ్యి అడ్డుపెట్టి ఇచ్చింది. "ఆఖరి రౌండుకి సెలెక్టయ్యానంటావు. సెలెక్టయితే వానెందుకే?"

"తెలీదమ్మా."

ఆ అబద్ధానికి కప్పు నిండి పొర్లిపోయింది.

సుధీంద్ర గారు ఆఫీసునించి వచ్చి, బ్యాగు హైమవతి చేతికిచ్చి, రెయిన్‌కోటు వేసుకుని కూతురి పక్కన ఇంకో స్టూలు లాక్కున్నారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"మా అక్కకి ఇంత వాన ఒక్కసారే వచ్చింది," అన్నారు చాలాసేపటికి. "కనకాంబరాలన్నీ వేర్లు కుళ్లిపోయి చచ్చిపోయాయి."

"ఎందుకొచ్చింది నాన్నా?"

"అడగలేదమ్మా. మనింట్లో మామూలే కదా అని ఎవరం అడగలేదు. అడిగుండాల్సింది." రెయిన్‌కోటు టోపీ వెనక్కి తోశారు. "అందుకే నిన్ను అడుగుతున్నాను. ఏం చేశావు తల్లీ?"

ప్రవల్లిక నిండిన బకెట్టు వైపు చూసింది. శుక్రవారం అయ్యాక చెప్తానంది. ఆయన సరే అన్నారు. లేచి వెళ్లలేదు, బకెట్లు మారుస్తూ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు.

శుక్రవారం మెట్రోలో ఆమె చుట్టూ జాగా వదిలి నిలబడ్డారు జనం. గురుగ్రామ్ ఆఫీసులో ఇషిత ఎంత ఏర్పాటు చేసిందంటే, ఆఖరి రౌండు గదిలో ఆమె కుర్చీ పక్కన కొత్త బకెట్టు, మడతపెట్టిన తువ్వాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ తువ్వాలు చూసి ప్రవల్లికకి తల కొట్టేసినట్టయింది.

బల్లకి అవతల తెల్లజుట్టు పెద్దాయన, కంపెనీలో భాగస్వామి. పక్కన ఇషిత.

"నేను చెప్పిన అమ్మాయి ఈమే సర్," అంది ఇషిత, తన సొంత చెల్లెల్ని పరిచయం చేస్తున్నంత సంబరంగా. "ఆ వృద్ధురాలి కథ."

పెద్దాయన ప్రవల్లికని చూశాడు. బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు విన్నాడు. కేసు గీసూ ఏమీ ఇవ్వలేదు.

"మా అమ్మకీ ఆ ఆపరేషనే అయింది," అన్నాడు. "చుక్కలు నేనే వేసేవాణ్ణి. మీ పక్కింటావిడ పేరేంటమ్మా?"

అడిగింది పేరే. పరీక్షించాలని కూడా అడగలేదు, మనిషి గురించి మాట్లాడుకుంటూ మామూలుగా ఎవరైనా అడిగే మాట. ఇన్ని వారాలు, ఇన్నిసార్లు విన్న కథలో ప్రవల్లికకి తెలియనిది అదొక్కటే. ఏదో ఒక పేరు అనేస్తే అయిపోతుంది. లక్ష్మమ్మో, వెంకమ్మో. ఎవరొచ్చి చూస్తారు? లక్ష్మమ్మ అనడానికి నోరు తెరిచింది. కళ్లముందు క్యాంటీన్ బల్ల మీద గీతలు గీస్తున్న వేలు కనబడింది. ఆమె పేరు, అని మొదలుపెట్టి ఆగిపోయిన గొంతు వినబడింది.

"నాకు తెలీదు సర్," అంది. "రఘువీర్‌కి తెలుసు. అది అతని కథ. ఆ రోజు మధ్యాహ్నం మీ దగ్గరికొచ్చాడు. పేరు చెప్పబోతే నేనే వద్దన్నాను, టైం సరిపోదని. తర్వాత కథ మొత్తం దొంగిలించాను."

ఇషిత చూపు బకెట్టు మీదికి పోయింది.

"మరి ఆ రోజు ఆ వాన?" అంది ఇషిత.

"నాకది దొంగతనం చేస్తున్నందుకు కురిసింది మేడం. అవ్వ కోసం కాదు."

ఇషిత వెనక్కి వాలింది. ఆమె మొహంలో రంగు మారడం మొదలైంది. "నేను అతన్ని సిగ్గులేదా అన్నాను," అంది నెమ్మదిగా. "తలుపు తీసి పొమ్మన్నాను. అతను ఒక్క మాట కూడా..."

టప్పుమని ఒక చినుకు ఆమె ల్యాప్‌టాప్ మీద పడింది. ఇషిత సీలింగ్ వైపు చూసింది, ఏసీ కారుతోందనుకుని. ఇంకోటి పడింది. తర్వాత వరసగా పడ్డాయి. జీవితంలో మొదటిసారి కాబోలు, ఎటు జరగాలో తెలియక కుర్చీతో సహా ఇటూ అటూ జరిగింది. మబ్బు కూడా జరిగింది. పెద్దాయన బకెట్టుని కాలితో ఇషిత వైపు తోశాడు.

"మీరు వెళ్లొచ్చమ్మా," అన్నాడు ప్రవల్లికతో. "ఇక్కడ మీకు ఉద్యోగం ఉండదు. అది మీకూ తెలుసు."

"తెలుసు సర్."

ఆమె తలుపు దాటుతుంటే ఇషిత తడిచేత్తో ఫోను వెతుక్కుంటోంది.

రెండు మెట్రోలు మారి ప్రవల్లిక గ్రేటర్ నోయిడా చేరింది. దారిలో నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పేసింది. ఆయన విని, "అతన్ని కలిశావా?" అన్నారు. వెళ్తున్నానంది. "వెళ్లు, మీ అమ్మకి నేను చెప్తాలే," అన్నారు. వాన సన్నబడింది కానీ ఆగలేదు. గొడుగు చంకలోనే ఉంది, విప్పుకోవాలనిపించలేదు ఆమెకి.

రఘువీర్ క్యాంటీన్లో మూలబల్ల దగ్గరే ఉన్నాడు. పక్కన సూట్‌కేసు, తాళ్లు కట్టిన అట్టపెట్టె. ఆమెని చూసి పెట్టెని తడవకుండా పక్కకి లాక్కున్నాడు. కూర్చోమనలేదు. ఆమె కూర్చుంది.

"ఇషిత మేడం ఫోన్ జేసింది," అన్నాడు. "సారీ చెప్పింది. ఎనకాల ధార కడ్తున్నట్టు వాన చప్పుడు. సోమవారం మళ్ల రమ్మన్నది."

"వెళ్తావు కదా?"

"రైలు టికెట్ కాన్సిల్ జేసిన." ఆమె వైపు చూడలేదు. "నీది?"

"పోయింది."

అయ్యో అనలేదు రఘువీర్. అనకపోవడమే మేలనిపించింది ఆమెకి. క్యాంటీన్ భయ్యా వచ్చి బల్ల కింద గోనెసంచి పరిచి వెళ్లాడు.

"రఘూ, నేను చేసింది..." చంకలోని గొడుగు పక్కన పెట్టింది. "నీ మొహం చూడ్డానికి నాకు ముఖం లేదు. లాబీలో నిన్ను ఆపాల్సింది. టై సర్దాను. ఆపలేదు."

"అవును. అదే నొప్పైంది నాకు. కథకన్న అదే."

వాన ఒక్కసారి జోరందుకుంది. అతను జోరు తగ్గేదాకా చూసి అన్నాడు, "సోమవారం నా కథ మళ్ల చెప్పమంటరు. ఇంకెవరున్నరు ఇక్కడ ఇననీకి, అందరు ఊర్లకు పోయిన్రు. ఇంటవా?"

"వింటాను."

అలవాటుగా ఆమె చెయ్యి ఫోన్లో టైమరు మీదికి పోయింది. చప్పున ఫోను బోర్లా పెట్టేసింది.

"ఆమె పేరేంటి?" అంది.

రఘువీర్ అప్పుడు తలెత్తి ఆమెని చూశాడు.

"అన్నపూర్ణేశ్వరి," అన్నాడు. "అందరు పూర్ణమ్మ అంటరు. కన్ను పోయినంక నన్ను ఒక్క మాట అనలే. రోజు పొద్దుగూకాల పిలిచి, బియ్యంల రాళ్లు కనవడ్తలేవు బిడ్డా, ఏరిపో అంటది. రెండో కన్ను మంచిగనే కనవడ్తది ఆమెకు. ఒకనాడు చూసిన, నేను లేనప్పుడు ఆమెనే ఏరుకుంటది. నేనొస్తే మాత్రం చాట నా ముందల పెడ్తది. నేను తప్పిచ్చుకోని తిరుగుతనని, నన్ను ఇంట్లకు పిలుస్తానికి. గిదంత నువ్వు కట్ అన్నవ్."

"అన్నాను," అంది ప్రవల్లిక. నీళ్లు కళ్లలోంచో పైనించో తెలియకుండా కారుతున్నాయి. "ఆవిడ ఇప్పుడెలా ఉంది?"

రఘువీర్ తెల్లబోయాడు. "నేను... అడగలే. ఈ ఇంటర్వ్యూల్ల పడి నెలాయె ఫోన్ జెయ్యక."

"ఇప్పుడు చెయ్యి."

అతను చేశాడు. స్పీకర్ పెట్టాడు. చాలాసేపు మోగి, ఎవరో తీసుకెళ్లి అందించిన అలికిడి అయ్యాక, వణుకుతూ ఒక గొంతు వినబడింది.

"ఎవరు, రగువా? తిన్నవా బిడ్డా?"

"తిన్న పూర్ణమ్మా. ఎట్లున్నవ్?"

"ఉన్న. అదేం చప్పుడు బిడ్డా? ఆడ వాన పడ్తుందా?"

రఘువీర్ ఎదురుగా ఉన్న పిల్లని చూశాడు. జుట్టు మొహానికి అంటుకుపోయి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుని ఉంది.

"పడ్తుంది పూర్ణమ్మా. ఒక పిల్ల మీద."

"అయ్యో! మరి నువ్వు చూసుకుంట కూసున్నవా? తడవనియ్యకు బిడ్డా, జొరమొస్తది. గొడుగన్న పట్టు."

రఘువీర్ ఫోను బల్లమీద పెట్టాడు. చెయ్యి చాచి ఆమె పక్కనున్న పసుపుపచ్చ గొడుగు తీసుకున్నాడు.

"నీ మీద కోపం పోలే నాకు," అన్నాడు.

"తెలుసు."

"పట్టినవా?" అంది ఫోన్లో ముసలామె.

"పడ్తున్న పూర్ణమ్మా," అని గొడుగు విప్పాడు.